సముద్రం పక్కన ఇల్లు: కొనాలా వద్దా తేల్చుకునే పద్ధతి

భీమిలి రోడ్డులో అయినా, కాకినాడలో వాకలపూడి వైపు అయినా, బందరులో మంగినపూడి దారిలో అయినా అమ్మేవాళ్లు ముందు చెప్పేది దూరం. "బీచ్‌కి అయిదు నిమిషాలండీ", "సముద్రం ఇక్కణ్ణుంచి కిలోమీటరు పైనే, ఏం భయం లేదు". కొనేవాళ్లూ దూరమే అడుగుతారు. ముంపును తేల్చేది దూరం కాదు, ఎత్తు. ఒడ్డుకి 150 మీటర్లలోనే ఉన్నా 12 మీటర్ల ఎత్తున్న గుట్ట మీద ఇంట్లోకి ఉప్పెన నీరు రాదు. కిలోమీటర్ల లోపల ఉన్నా, 2 మీటర్ల ఎత్తు కూడా లేని పల్లంలోకి వస్తుంది. 1977 నవంబరు 19న దివిసీమలో జరిగింది అదే. దాదాపు 5 మీటర్లు లేచిన నీరు ఊళ్లకు ఊళ్లను ఊడ్చుకుపోయింది. అధికారిక లెక్క ప్రకారమే మృతులు 10 వేల దాకా ఉన్నారు.

ఇల్లు నచ్చాక, అడ్వాన్సు ఇచ్చే ముందు మూడు అంకెలు చేతిలో ఉండాలి: ఇంటి లోపలి నేల సముద్ర మట్టానికి ఎంత ఎత్తులో ఉంది, అక్కడ నీరు ఎంత ఎత్తుకు రాగలదు, ఒడ్డు ఏడాదికి ఎంత లోపలికి జరుగుతోంది. మిగతా పరిశీలనంతా వీటి చుట్టూ తిరిగేదే.

ముందుగా, ఏ నీటితో భయం?

సముద్రం దగ్గర ఇంటికి ముంపు మూడు దారుల్లో వస్తుంది. ఒకటి ఉప్పెన. రెండోది వాననీరు: పోటు సమయంలో సముద్రం ఎత్తుగా ఉంటే డ్రైన్లలో నీరు దిగదు, ఎగదన్నుతుంది. మూడోది కోత, అంటే ఇంటి కింద నేలే పోవడం. ఒక్కో చోట ఒక్కో దాని బెడద ఎక్కువ. అది తెలియకపోతే తప్పుడు భయానికి డబ్బు తగలేసి, అసలు ప్రమాదాన్ని వదిలేస్తారు.

విశాఖ, భీమిలి దగ్గర సముద్రం ఒడ్డు నుంచే త్వరగా లోతవుతుంది. అందుకే 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ నేరుగా నగరాన్ని తాకినా అక్కడ ఉప్పెన ఒకటిన్నర మీటరు దాటలేదు. నష్టం చేసింది గాలి. అద్దాలు, రేకులు, చెట్లు, స్తంభాలు పోయాయి. కరెంటు, నీళ్లు రోజుల తరబడి లేవు. విశాఖలో కొనేవాళ్లు కిటికీలు, పైకప్పు, కొండవాగుల దారి, ఒడ్డు కోత చూడాలి.

బందరు, నిజాంపట్నం, దివిసీమ, కోనసీమ వైపు కథ వేరు. సముద్రం చాలా దూరం దాకా లోతు లేకుండానే ఉంటుంది. గాలి తోసిన నీటికి కిందికి పోయే దారి లేక ఒడ్డు మీదికి ఎక్కుతుంది. దానికి తోడు నేల పల్లం. 1864లో బందరును ముంచిన ఉప్పెనలో 30 వేల మంది పోయారని చరిత్రలో ఉంది. అక్కడ మొదటి ప్రశ్న ఎత్తే.

"మొన్నటి తుఫానుకి మా వీధిలో చుక్క నీరు రాలేదు" అనే మాటను ఒకసారి తూచి చూడాలి. మన వైపు తుఫాను గాలి గడియారం ముల్లుకి ఎదురు దిశలో తిరుగుతుంది. తుఫాను పడమరకో వాయవ్యానికో కదులుతూ తీరం దాటితే, దాటిన చోటికి ఉత్తరాన గాలి సముద్రం నుంచి నేల మీదికి వీస్తుంది, ఉప్పెన అక్కడే. దక్షిణాన గాలి నేల నుంచి సముద్రంలోకి వీస్తుంది, నీరు వెనక్కి కూడా పోవచ్చు. అలాంటి తుఫాను ఏదైనా తీరం దాటిన చోటుకు దక్షిణాన మీ ఇల్లు ఉంటే, అది పొడిగా ఉండటం ఇంటి గొప్పతనం కాకపోవచ్చు. ఏ తుఫాను ఎక్కడ తీరం దాటిందో వాతావరణ శాఖ నివేదికల్లో ఉంటుంది. ఆ ఇంటికి దక్షిణంగా, కొద్ది పదుల కిలోమీటర్ల లోపు దాటిన తుఫానులేవో చూసి, వాటికి ఏం జరిగిందని అడగండి. అప్పుడే జవాబుకి విలువ.

ఎత్తు కొలవడం

ఫోన్లో చూపించే ఎత్తును నమ్మొద్దు. మ్యాపుల్లో కనిపించేవి ఎక్కువగా ఉపగ్రహ కొలతలు, వాటిలో కొన్ని మీటర్ల తేడా మామూలు. చెట్ల తలలు, ఇళ్ల కప్పులు కూడా నేలగా లెక్కలోకి వచ్చేస్తాయి. మొత్తం ఎత్తే 2, 3 మీటర్లున్న డెల్టాలో ఆ కొలత దేనికీ పనికిరాదు. జీపీఎస్ నేరుగా ఇచ్చే ఎత్తు ఇంకా తికమక పెడుతుంది. అది భూమికి ఊహించిన గణిత ఆకారం నుంచి కొలుస్తుంది, సముద్ర మట్టం నుంచి కాదు. మన తీరంలో ఆ రెంటికీ తేడా 60 మీటర్లకు పైనే. సర్వేయరు ఇంకా కచ్చితంగా కొలిచే జీపీఎస్ అయిన డీజీపీఎస్‌తో కొలిచి కాగితం ఇస్తే, సగటు సముద్ర మట్టానికి సరిచేశారా అని తప్పక అడగండి.

సరైన దారి ఆటో లెవెల్ యంత్రంతో, దగ్గర్లో ఎత్తు తెలిసిన గుర్తు నుంచి లెవెల్ లాక్కురావడం. సర్వే ఆఫ్ ఇండియా బెంచ్‌మార్కులు, జలవనరుల శాఖ లాకులు, వంతెనల మీది గుర్తులు ఇందుకు పనికొస్తాయి. రైల్వే స్టేషన్ పేరు బోర్డు మీద కూడా సముద్ర మట్టానికి ఎత్తు రాసి ఉంటుంది. ఊరి ఎత్తు గురించి మోటు అంచనాకి అది చాలు, ఇంటి నిర్ణయానికి చాలదు. అనుభవమున్న ప్రైవేటు సర్వేయరుకి ఒకటి రెండు కిలోమీటర్ల లెవెలింగ్ ఒక పూట పని. అరకోటి పెట్టి కొనే ఇంటికి ఈ ఖర్చు వెనకాడాల్సింది కాదు.

నాలుగు అంకెలు రాయించుకోండి: లోపలి ఫ్లోరు, వాకిట్లో నేల, ముందు రోడ్డు నడిమధ్య, దగ్గర్లోని డ్రైను అడుగు. రోడ్డు సంగతి చాలామంది మర్చిపోతారు. మన ఊళ్లలో పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే కొత్తది వేస్తారు. ఇరవై ఏళ్ల కింద మూడడుగుల బేస్‌మెంటుతో కట్టిన ఇల్లు ఇప్పుడు రోడ్డు కంటే ఒక్క అడుగే ఎత్తులో ఉండటం మామూలు. రోడ్డే కట్టలా మారి వాననీరు ఇంటి వైపు నిలబడుతుంది. ఫ్లోరుకీ రోడ్డుకీ తేడా మాత్రమే కావాలంటే తాపీ మేస్త్రీలు వాడే నీళ్ల పైపు చాలు. 15, 20 మీటర్ల పారదర్శకమైన పైపులో బుడగలు లేకుండా నీరు నింపి, ఒక కొస ఇంటి గడప దగ్గర, రెండో కొస రోడ్డు మధ్యలో నిలబెట్టాలి. నీటి మట్టం నుంచి కిందికి రెండు చోట్లా టేపు పెట్టి కొలిస్తే, ఆ రెండు కొలతల తేడాయే మీకు కావాల్సింది. లోపల బుడగ ఉంటే లెక్క తప్పుతుంది. ముందు రెండు కొసలూ పక్కపక్కన పెట్టి నీరు సమంగా ఉందో లేదో చూడండి.

నీటి ఎత్తు అంచనా

భవన నిర్మాణ సామగ్రి, సాంకేతికత ప్రోత్సాహక మండలి అయిన బీఎంటీపీసీ ప్రచురించిన వల్నరబిలిటీ అట్లాస్ మూడో కూర్పు 2019లో వచ్చింది. తీరం వెంట రాగల గరిష్ఠ ఉప్పెన ఎత్తు అందులో ఉంటుంది. హైదరాబాదులోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ తీర ప్రమాద పటాలు తయారు చేసింది. కలెక్టరేటులో జిల్లా విపత్తు నిర్వహణ ప్రణాళిక ఉంటుంది, ముంపు గ్రామాల జాబితా అందులో చూడొచ్చు. తహసీల్దారు ఆఫీసులో అడగాల్సిన ప్రశ్న ఒకటే: తుఫాను హెచ్చరిక వస్తే ఈ వీధి వాళ్లను పునరావాస కేంద్రానికి తరలిస్తారా? "తరలిస్తాం" అంటే ఆ మాటకున్న బరువు ఏ పటానికీ లేదు.

ఇప్పుడు కూడిక. ఒక ఉదాహరణ వేసుకుందాం. కృష్ణా తీరంలో ఒక ఇల్లు. ఆ చోట పెద్ద తుఫానుకు ఉప్పెన 3 మీటర్లని పటం చెబుతోంది. అది పోటు మీద వస్తే ఇంకో 0.7 మీటరు కలపాలి. సముద్ర మట్టం పెరుగుదలకు 0.3 మీటరు. అలలకు, లెక్కల్లో తప్పులకు 0.5 మీటరు. మొత్తం 4.5. ఇంటి నేల 2.2 మీటర్ల ఎత్తులో ఉంది, బేస్‌మెంట్ 0.9. ఫ్లోరు 3.1 అన్నమాట. అంటే హాల్లో 1.4 మీటర్లు, నాలుగున్నర అడుగుల నీరు. మంచం, ఫ్రిజ్, స్విచ్ బోర్డులు అన్నీ నీటిలో. ఒడ్డు నుంచి లోపలికి పోయేకొద్దీ ఉప్పెన ఎత్తు తగ్గుతుంది, నిజమే. కానీ ఉప్పుటేరు, డ్రైను, నది మొగ దగ్గర ఉంటే ఆ నీరు కాలువ పట్టుకుని సూటిగా వచ్చేస్తుంది. కాలువ గట్టు పక్క ఇంటికి తగ్గింపు వేసుకోవద్దు.

సముద్ర మట్టం పెరుగుదల 0.3 మీటరు అన్నది అతిగా వేసింది కాదు. ఐక్యరాజ్య సమితి వాతావరణ నిపుణుల సంఘం ఐపీసీసీ 2021 నివేదిక ప్రకారం 2100 నాటికి ప్రపంచ సగటు పెరుగుదల, ఉద్గారాలు బాగా తగ్గితే 0.28 నుంచి 0.55 మీటరు, బాగా పెరిగితే 0.63 నుంచి 1.01 మీటరు. మీరు కట్టే ఈఎంఐకి అది దూరం. పిల్లలకు వదిలి వెళ్లే ఇంటికి కాదు.

గోడలు, ఊరివాళ్లు

పాత ముంపు ఆనవాళ్లు దాచడం తేలిక, తుడిచేయడం కష్టం. కొత్త రంగు గోడకి వేస్తారు గానీ మీటరు బోర్డు వెనక వెయ్యరు. దాన్ని పట్టుకున్న చెక్క పలక అంచుల్లో మట్టి గీత ఉందేమో టార్చి వేసి చూడండి. గోడలో కట్టిన అల్మరా కింది అర లోపలి మూల, మెట్ల కింద ఖాళీ, సంపు మూత లోపలి వైపు, ద్వారబంధం అడుగున అడుగు ఎత్తు దాకా చెక్క ఉబ్బి రంగు పొరలుగా లేవడం: ఇవన్నీ సాక్ష్యాలే. ఒక్క ఇంట్లో మాత్రం నాలుగడుగుల దాకా కొత్త టైల్స్ కనిపిస్తే ఎందుకని అడగండి. పక్కింటి ప్రహరీ, వీధి చివర పాత గుడి గోడ రంగులు మార్చుకోవు, అవి ముందు చూడండి.

డెల్టాలో పాత ఊళ్లు ఎక్కడున్నాయో గమనించండి. ఒకప్పటి ఒడ్డు గీసిన ఇసుక దిబ్బల మీద పెద్దలు ఊళ్లు కట్టారు, దిబ్బకీ దిబ్బకీ మధ్య పల్లంలో వరి, పర్ర నేలలు ఉండేవి. ఇప్పుడు దిబ్బ మీద చోటు లేక లేఅవుట్లు పల్లంలోకి దిగాయి, నాలుగడుగుల మట్టి తోలి ప్లాట్లు గీశారు. అదే పంచాయతీ, అదే సర్వే గ్రామం, అదే రేటు. ముంపు మాత్రం వేరు. తాటిచెట్లు, సరుగుడు, మంచినీటి బావి ఉన్న వైపు మెరక. తుంగ, ఉప్పు పూత, రొయ్యల చెరువులు ఉన్న వైపు పల్లం. తోలిన మట్టి రెండు మూడు వానలకు కుంగుతుంది. ఏ ఏడు తోలారో, ఇల్లు కట్టింది తోలిన మట్టి మీదా, కింద గట్టి నేల దాకా పునాది దిగిందా అడగాలి.

వీలుంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఆ వీధిలోనే అద్దెకి ఉండి చూడండి. వీలు కాకపోతే ఒక పెద్దవాన మర్నాడు, అమావాస్యకో పౌర్ణమికో పోటు సమయంలో డ్రైను దగ్గర నిలబడండి. డ్రైనులో నీరు సముద్రం వైపు కదులుతోందా, నిలబడిందా, వెనక్కి వస్తోందా కంటికి కనిపిస్తుంది. హైదరాబాదులోనో, అమెరికాలోనో ఉండి వీడియో కాల్లో చూసి కొనేవాళ్లు బాగా దెబ్బతినేది ఇక్కడే. వీడియో ఎప్పుడూ ఎండరోజే తీస్తారు. మీ తరఫున ఎవరినైనా పంపండి, అమ్మేవాళ్లతో సంబంధం లేని మనిషిని.

ఒడ్డు నడక

ఉప్పాడ చూసినవాళ్లకి కోత గురించి వేరే చెప్పక్కర్లేదు. ఇళ్లు, గుళ్లు, కాకినాడ బీచ్ రోడ్డు ముక్కలు సముద్రంలో కలిశాయి. ఒడ్డు కాపాడటానికి వేసిన, ఇసుక నింపిన పెద్ద గుడ్డ గొట్టాల జియోట్యూబు గోడ కూడా అలల దెబ్బకు నిలవలేదు. మన తూర్పు తీరంలో ఏడాది మొత్తం మీద ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి ప్రయాణం చేస్తుంది. మధ్యలో సముద్రంలోకి కట్టిన అడ్డుగోడ, అంటే బ్రేక్‌వాటర్ అడ్డొస్తే దానికి దక్షిణాన మేట వేస్తుంది, ఉత్తరాన ఇసుక అందక కోత మొదలవుతుంది. విశాఖ ఆర్కే బీచ్‌కి పోర్టు నుంచి తవ్విన ఇసుక పంపు చేయాల్సి వస్తోంది ఇందుకే. నదుల మీద ఆనకట్టలు కట్టాక గోదావరి, కృష్ణ తెచ్చే ఒండ్రు తగ్గడం దీనికి తోడు.

కొలిచే పద్ధతి ఇది. కంప్యూటర్లో గూగుల్ ఎర్త్ ప్రో తెరిచి, పాత చిత్రాల బటను నొక్కి, దొరికినంత పాత ఏడాదికి వెళ్లండి. కదలని గుర్తు ఒకటి ఎంచుకోండి: కల్వర్టు మూల, గుడి, వాటర్ ట్యాంకు. అక్కణ్ణుంచి ఒడ్డున గడ్డి, చెట్లు మొదలయ్యే గీత దాకా కొలవండి. తడి ఇసుక అంచు వద్దు, అది పోటును బట్టి గంటలో మారుతుంది. అన్ని ఏళ్లకీ ఒకే నెల చిత్రాలు తీసుకోండి, ఎందుకంటే ఋతువును బట్టి బీచ్ సన్నబడి మళ్లీ పూడుతుంది. ఉదాహరణకి 2005 జనవరిలో 140 మీటర్లు, 2024 జనవరిలో 83 మీటర్లు వచ్చిందనుకోండి. 19 ఏళ్లలో 57 మీటర్లు, ఏడాదికి 3. ఇరవై ఏళ్ల లోను తీరేసరికి ఇంకో 60 మీటర్లు పోతుంది. గుర్తు పక్కనే ఇల్లుంటే అప్పటికి మిగిలేది 23 మీటర్లు. ఆ రోజున ఆ ఇల్లు ఎవరు కొంటారు?

పైగా ఇది సగటు. కోత ఏడాదికి మూడు మీటర్ల చొప్పున పద్ధతిగా రాదు, పదేళ్లు ఊరుకుని ఒక తుఫాను రాత్రి ఇరవై మీటర్లు తీసుకుపోవచ్చు. ఇంటి కంటే ముందు రోడ్డు, కరెంటు స్తంభాలు, నీటి పైపు పోతాయి. మా సలహా: ఏడాది కోతను లోను ఏళ్లతో గుణించి, రెట్టింపు చెయ్యండి. అంత దూరం లేకపోతే ఆ ఇల్లు వదిలెయ్యండి.

కొత్త పోర్టు లేదా ఫిషింగ్ హార్బరు కడుతున్న చోట పాత చిత్రాలు సగం కథే చెబుతాయి. రామాయపట్నం, మచిలీపట్నం, మూలపేట పోర్టుల పనులు జరుగుతున్నాయి. ఇలాంటి బ్రేక్‌వాటర్లకు ఉత్తరాన కొన్ని కిలోమీటర్లలో కొనే ఆలోచన ఉంటే, పర్యావరణ ప్రభావ నివేదికలో తీర మార్పు అధ్యాయం చదివే దాకా ఆగండి. ఇరవై ఏళ్లుగా కదలని ఒడ్డు బ్రేక్‌వాటర్ పూర్తయ్యాక కదలడం మొదలుపెట్టవచ్చు.

కాగితాలు

ఈసీ (ఆస్తి లావాదేవీల ధ్రువపత్రం), లింకు డాక్యుమెంట్లు, రెవెన్యూ రికార్డులైన అడంగల్, 1బి, ఎఫ్ఎంబీ (సర్వే కొలతల పటం), రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22ఎ నిషేధిత జాబితా, లేఅవుట్ అనుమతి ఎల్పీ నంబరు ఎక్కడైనా చూసేవే. తీరంలో అసైన్డ్ భూములు, వాగు పోరంబోకులు, లంక భూములు ఎక్కువ కాబట్టి వీటిని రెండింతల జాగ్రత్తతో చూడాలి. తీరానికి ప్రత్యేకమైనది, తీరంలో నిర్మాణాలను నియంత్రించే కేంద్ర నిబంధనల పరిధి అయిన సీఆర్‌జెడ్.

పోటు గరిష్ఠంగా వచ్చే గీత నుంచి నేల వైపు 500 మీటర్లు సీఆర్‌జెడ్ కిందికి వస్తుంది. ఉప్పుటేర్లు, పోటు తగిలే కాలువల పక్కన కూడా వర్తిస్తుంది: 2011 నోటిఫికేషన్లో 100 మీటర్లు, 2019 దాన్లో 50 మీటర్లు, లేదా కాలువ వెడల్పు, ఏది తక్కువైతే అది. ఒడ్డుకి మూడు కిలోమీటర్ల లోపల ఉన్నా ఉప్పుటేరు పక్కనుంటే ఇది మీకు తగులుతుందని చాలామందికి తెలియదు. పల్లె ప్రాంతాల్లో 2011 ప్రకారం మొదటి 200 మీటర్లు నిర్మాణ నిషిద్ధం. 2019 ప్రకారం 2011 జనగణనలో చదరపు కిలోమీటరుకి 2161 మందికి మించిన జనసాంద్రత ఉంటే 50 మీటర్లు, లేకపోతే 200. పట్టణాల్లో అప్పటికే ఉన్న రోడ్డుకి లేదా అనుమతి ఉన్న కట్టడానికి నేల వైపునే కట్టాలి. 2019 నిబంధన అమల్లోకి రావాలంటే ఆ తీరానికి కొత్త నిర్వహణ ప్రణాళిక ఆమోదం పొంది ఉండాలి. కాబట్టి మీ సర్వే నంబరుకి ఏ పటం నడుస్తోందో రాష్ట్ర తీర ప్రాంత నిర్వహణ సంస్థ నుంచి, లేదా ప్రణాళికా విభాగం నుంచి రాతపూర్వకంగా తీసుకోండి.

"పంచాయతీ పర్మిషన్ ఉందండీ" అంటే సరిపోదు. కొచ్చి పక్కన మరడులో నాలుగు అపార్టుమెంటు సముదాయాలకి స్థానిక సంస్థ అనుమతులు ఉన్నాయి. సీఆర్‌జెడ్ ఉల్లంఘన అని 2019లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది, 2020 జనవరిలో వాటిని పేల్చేశారు. అందులో ఉన్నవాళ్లు డబ్బు పెట్టి కొన్న మామూలు కుటుంబాలే.

ముంపుతో ముడిపడిన మెలిక ఇంకొకటి ఉంది. నిర్మాణ నిషిద్ధ ప్రాంతంలో మరమ్మతుకి, తిరిగి కట్టడానికి అనుమతి దొరికేది అధికారికంగా అనుమతి ఉన్న పాత కట్టడానికే, అదీ పాత విస్తీర్ణం దాటకుండా. అనుమతి లేని ఇల్లు తుఫానులో కూలితే స్థలం మీదే, కట్టుకునే హక్కు ఉండదు.

కట్టిన ఇల్లయితే ఉప్పు

ఉప్పుగాలి, ఉప్పునీరు స్లాబు లోపలి ఇనుముని తింటాయి. తుప్పు పట్టిన చువ్వ ఉబ్బి కాంక్రీటును పగలగొడుతుంది. సన్‌షేడ్ల కింద, బాల్కనీ అడుగున, బాత్రూం స్లాబు కింద చువ్వల వెంటే సూటిగా పోయే పగుళ్లు, గోధుమ రంగు మరకలు చూడండి. చిన్న సుత్తితో తట్టితే డొల్ల శబ్దం వచ్చే చోట్లు సుద్దతో గుర్తు పెట్టండి. పదేళ్లు దాటిన ఇంటికి స్ట్రక్చరల్ ఇంజినీరుతో, లోపలి ఇనుము తుప్పును విద్యుత్ కొలతతో పట్టే హాఫ్‌సెల్ పరీక్ష చేయించాలి. రాగి సల్ఫేటు ఎలక్ట్రోడ్‌తో మైనస్ 350 మిల్లీవోల్టుల కన్నా కిందికి చూపిస్తే అక్కడ తుప్పు నడుస్తున్న అవకాశం 90 శాతానికి పైనే. కాంక్రీటు ముక్క (కోర్) తీసి క్లోరైడు పరీక్ష కూడా అడగండి. కాంక్రీటుకి భారత ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం అది ఘనపు మీటరు కాంక్రీటులో 0.6 కిలోకి మించకూడదు. ఇల్లు కట్టేటప్పుడే ఉప్పుబోరు నీళ్లు కలిపి ఉంటే ఈ అంకె బయటపెడుతుంది, పైపూతలు ఎన్ని వేసినా దాగదు.

కొత్తగా కట్టేదయితే తీరగాలికి బయటపడే కాంక్రీటు బలం గ్రేడు ఎం30కి తగ్గకూడదు, చువ్వ మీద కాంక్రీటు మందం (కవర్) 45 మిల్లీమీటర్లు. అలల తుంపర తగిలే చోట ఎం35, 50 మిల్లీమీటర్లు. బిల్డరు ఊరి లోపలి ఇళ్లకి వాడే ఎం20, 20 మిల్లీమీటర్ల కవర్ బ్లాకులే ఇక్కడా పెడుతున్నాడేమో సైటులో బ్లాకు చేత్తో పట్టుకుని చూడండి. గాలికి విశాఖ, తూర్పు తీరం సెకనుకి 50 మీటర్ల వేగానికి డిజైను చేయాలి, డ్రాయింగులో ఆ అంకె ఉండాలి.

బోరు నీళ్లు ల్యాబుకి పంపండి. క్లోరైడు లీటరుకి 250 మిల్లీగ్రాముల లోపు మంచిది, 1000 దాటితే తాగడానికి పనికిరాదు. తీరంలో మంచినీరు ఉప్పునీటి మీద పలచని పొరగా తేలుతుంది. మంచినీటి మట్టం ఒక అడుగు తగ్గితే ఉప్పునీరు సిద్ధాంతం ప్రకారం 40 అడుగులు పైకి వస్తుంది. పక్కన పెద్ద రిసార్టో, అపార్టుమెంటో లోతు బోరు వేసి లాగుతుంటే ఈ ఏడు తియ్యగా ఉన్న నీరు రెండేళ్లకి ఉప్పెక్కవచ్చు. పరీక్ష మే నెలలో చేయించండి, అప్పుడే అసలు రంగు బయటపడుతుంది.

ఫ్లాటు రెండో అంతస్తులో కదా అని నిశ్చింత పడొద్దు. మెయిన్ ప్యానెల్, జనరేటరు, మోటార్లు, లిఫ్టు గుంట సెల్లార్లో ఉంటే మీ ఇల్లు పొడిగా ఉన్నా కరెంటు, నీళ్లు, లిఫ్టు ఉండవు. వాటిని సెల్లార్లోంచి పైకి మార్చడానికి అసోసియేషన్ ఒప్పుకుంటుందా అన్నది కొనే ముందు అడగాల్సిన ప్రశ్న.

బీమా, డబ్బు

2021 ఏప్రిల్ 1 నుంచి అన్ని జనరల్ బీమా కంపెనీలూ ఒకే షరతులతో భారత్ గృహ రక్ష పాలసీ ఇస్తున్నాయి. తుఫాను, వరద, ముంపు, సునామీ అందులో ఉన్నాయి. ఇంట్లో సామానుకి భవనం విలువలో 20 శాతం, 10 లక్షల దాకా, దానంతట అదే వస్తుంది. రెండు సంగతులు మాత్రం గట్టిగా గుర్తుంచుకోవాలి. భూమి విలువకు బీమా లేదు, కట్టడానికే. సముద్రపు కోత వల్ల నేల జారిపోతే ఆ నష్టం మినహాయింపుల్లో ఉంది. కోట్లు పెట్టేది స్థలానికి, పోయేది కోతకు అయితే బీమా మిమ్మల్ని ఆదుకోదు. బ్యాంకు లోనుతో అంటగట్టే పాలసీ చాలాసార్లు బాకీ మొత్తానికే ఉంటుంది, మీ వాటాకి కాదు. విడిగా మీ పేరిట తీసుకోండి.

"వందేళ్లకోసారి వచ్చే వరద" అనగానే మన కాలంలో రాదనుకుంటారు. ఏటా 1 శాతం అవకాశం అంటే 20 ఏళ్ల లోను కాలంలో ఒక్కసారైనా రావడానికి 18 శాతం, 30 ఏళ్లలో 26. యాభై ఏళ్లకోసారి అయితే 20 ఏళ్లలో 33 శాతం. పాతికేళ్లకోసారి అయితే 56, అంటే రాకపోవడం కన్నా రావడానికే ఎక్కువ అవకాశం.

ఇక నిర్ణయం. సీఆర్‌జెడ్ నిషిద్ధ ప్రాంతంలో అనుమతి లేని కట్టడం, లోను కాలానికి రెట్టింపు కోత దూరం లేని స్థలం, పునాది చువ్వలు తుప్పు తినేసిన ఇల్లు: ఈ మూడింట్లో ఏది ఉన్నా ఎంత తగ్గించినా కొనొద్దు. బేరమాడి సరిచేసుకునేవి కావు. నీటి లెక్కలో ఫ్లోరు మునుగుతుందని తేలితే మాత్రం బేరానికి చోటుంది. అడుగు లోపు అయితే ద్వారాలకు అడ్డుపలకలు, స్విచ్ బోర్డులు నాలుగడుగుల పైకి, సెప్టిక్ ట్యాంకు పైపుకి నీరు ఎగదన్నకుండా వాల్వు సరిపోతాయి. మూడడుగుల దాకా అయితే జాకీలతో ఇల్లు ఎత్తించే పని చేసేవాళ్లు ఉన్నారు. ముందు కొటేషన్ తీసుకుని, ఆ మొత్తం, నెలల అద్దె, ఫ్లోరింగు ఖర్చు కలిపి ధరలోంచి తగ్గించమనండి. అంతకు మించి మునిగేదయితే కింది అంతస్తు పార్కింగుకే వదిలి పైన నివసించే ఇల్లు తప్ప వేరే దారి లేదు. దానికి సీఆర్‌జెడ్‌లో 9 మీటర్ల ఎత్తు, రెండంతస్తుల పరిమితి అడ్డొస్తుందేమో ముందే చూసుకోవాలి.

అన్నీ నప్పితే అగ్రిమెంటులో మూడు షరతులు రాయించండి: సీఆర్‌జెడ్ స్థితి మీద రాతపూర్వక జవాబు వచ్చాకే మిగతా సొమ్ము, స్ట్రక్చరల్ పరీక్షలో తుప్పు తేలితే అడ్వాన్సు వాపసు, గత ముంపుల గురించి అమ్మినవారి ప్రకటన. మూడోదానికి సంతకం పెట్టడానికి వెనకాడితే అడ్వాన్సు మీ దగ్గరే ఉంచుకోండి.